ఒంటరి గ్రిడ్డు మీద దండిగా ఎండ

శ్రీలంక పడమటి తీరాన, పుత్తలం పట్టణం దగ్గర నొరొచ్చోలై అనే ఊరుంది. దేశంలోని ఒకే ఒక్క బొగ్గు విద్యుత్ కేంద్రం అక్కడే ఉంది. ఒక్కొక్కటి 300 మెగావాట్ల చొప్పున మూడు యూనిట్లు. దేశం వాడే కరెంటులో మూడో వంతు దాకా ఇక్కడే పుడుతుంది. దీనికి ఏటా 20 లక్షల టన్నులకు పైగా బొగ్గు కావాలి. దేశంలో బొగ్గు గనులు లేవు కాబట్టి ప్రతి టన్నూ ఓడ మీద రావలసిందే. తీరం దగ్గర లోతు చాలక ఆ ఓడలు ఒడ్డు దాకా రాలేవు. కొన్ని కిలోమీటర్ల దూరాన లంగరేస్తాయి. అక్కడ బొగ్గును బార్జిల్లోకి దించి, బార్జిలను జెట్టీ దాకా లాక్కొచ్చి, కన్వేయర్ బెల్టు మీద యార్డుకు ఎక్కిస్తారు. ఏప్రిల్ చివరికల్లా నైరుతి గాలి మొదలవుతుంది. అలలు లేచి బార్జిలు నిలవవు. మళ్లీ ఆ పని సాగేది సెప్టెంబరు దాటాకే. అందుకని ఏడాది పొడుగునా మండించాల్సిన బొగ్గంతా ఆరేడు నెలల్లోనే కొని, తెచ్చి, గుట్టలు పోసుకోవాలి.

ఆరేడు నెలల్లో కొనాలంటే డాలర్లు కూడా ఆ ఆరేడు నెలల్లోనే చేతిలో ఉండాలి. తేయాకు, కుట్టు బట్టల ఎగుమతులు, పర్యాటకులు, గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు ఇంటికి పంపే డబ్బు: దేశానికి డాలర్లు వచ్చే పెద్ద దారులు ఇవి. కోవిడ్‌తో పర్యాటకం ఆగిపోయింది, పన్నుల రాయితీలతో ఖజానా చిక్కిపోయింది, అప్పుల వాయిదాలు మీద పడ్డాయి. 2021 నవంబరులో ముడిచమురు కొనడానికి డాలర్లు లేక సపుగస్కంద రిఫైనరీని మూసేశారు. దేశంలో ఉన్నది ఆ ఒక్క రిఫైనరీయే. ఆ డిసెంబరులోనే ఇరాన్‌కు బాకీ పడ్డ 25 కోట్ల డాలర్ల చమురు సొమ్మును తేయాకు రూపంలో, నెలకు 50 లక్షల డాలర్ల విలువ చొప్పున తీర్చేందుకు ఒప్పందం రాసుకున్నారు. 2022 మార్చి 31న కరెంటు కోత రోజుకు 13 గంటలకు చేరింది. ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపు ఆపేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది. జూన్ చివర్లో అత్యవసర సేవలకు తప్ప పెట్రోలు, డీజిలు అమ్మకం నిలిపేశారు. జులైలో క్యూఆర్ కోడ్ రేషన్ వచ్చింది. మొదట్లో వారానికి మోటారు సైకిలుకు 4 లీటర్లు, ఆటోకు 5, కారుకు 20. ఆటో నడిపి బతికే మనిషికి వారానికి 5 లీటర్లంటే ఒక రోజు కిరాయికి కూడా సరిగా చాలదు.

ఈ సంక్షోభాన్ని మన పత్రికలు ఎక్కువగా అప్పుల కథగా, ఒక కుటుంబ పాలన పతనంగా రాశాయి. అవి రెండూ నిజమే. కానీ ఇంధనం వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి కనబడుతుంది. 2022లో ఆ దేశం దిగుమతుల మీద పెట్టిన ఖర్చులో నాలుగో వంతుకు పైగా ఇంధనానికే పోయింది. ఎండ, గాలి, వాన మూడూ ఉన్న ద్వీపం అది. సొంత కరెంటు పుట్టించుకోవడం దానికి కష్టమైన పని కాదు. పుట్టిన కరెంటును నిలకడగా నిలబెట్టడం, మధ్యాహ్నం మిగిలినదాన్ని సాయంత్రానికి దాచడం కష్టం. డబ్బూ దృష్టీ ముందుగా పెట్టవలసింది అక్కడ.

వాన మీద నడిచిన దేశం

శ్రీలంక మొదటి నుంచీ పరాయి ఇంధనం మీద బతికిన దేశమేమీ కాదు. 1918లో డి.జె. విమలసురేంద్ర అనే ఇంజనీరు సిలోన్ ఇంజనీర్ల సంఘం ముందు ఒక పత్రం చదివారు. కొండ ప్రాంతాల జలపాతాల నుంచి దేశానికంతటికీ కరెంటు తీయవచ్చని లెక్కలతో చూపించారు. వలస ప్రభుత్వం పట్టించుకోలేదు. ఆయన ఉద్యోగం వదిలి, 1931లో స్టేట్ కౌన్సిల్‌కు ఎన్నికై అక్కడా ఇదే మాట వినిపించారు. లక్షపాన జల విద్యుత్ కేంద్రం మొదలయ్యేసరికి 1950 వచ్చింది. అంటే పత్రం చదివిన 32 ఏళ్లకు. ఆ తర్వాత మూడేళ్లకు ఆయన కన్నుమూశారు. తాను చెప్పింది కళ్లారా చూశారన్నది ఒక్కటే ఊరట.

తర్వాత మహావేలి నది మీద వరుసగా ఆనకట్టలు లేచాయి. 210 మెగావాట్ల విక్టోరియా కేంద్రం 1985లో వచ్చింది. 1990ల మధ్య దాకా దేశపు కరెంటులో పదింట తొమ్మిది వంతులు నీటి నుంచే వచ్చేది. ఈ లెక్క చదివినప్పుడు ముచ్చటేస్తుంది. కానీ అందులోనే ప్రమాదం దాగి ఉంది. నదులు కొత్తవి పుట్టవు, వాడకం మాత్రం ఏటా పెరుగుతుంది. 1996లో వానలు మొహం చాటేశాయి. రిజర్వాయర్లు అడుగంటాయి. గంటల కొద్దీ కోతలు మొదలయ్యాయి. అప్పటికప్పుడు చేతికందే మార్గం డీజిలు, ఫర్నేసు ఆయిలుతో నడిచే యంత్రాలు. త్వరగా దిగుతాయి, నెలల్లో కరెంటు ఇస్తాయి. నడిపినన్నాళ్లూ యూనిట్‌కు అన్నిటికన్నా ఎక్కువ తినేస్తాయి. బొగ్గు కేంద్రం గురించి దశాబ్దాల పాటు చర్చలు, నిరసనలు, స్థలాల మార్పులు సాగి, చివరికి చైనా ఎగ్జిమ్ బ్యాంకు అప్పుతో 2011లో నొరొచ్చోలై మొదటి యూనిట్ వెలిగింది. మిగతా రెండూ 2014కల్లా వచ్చాయి. చమురుతో పోలిస్తే బొగ్గు కరెంటు చవక. కాకపోతే చమురు ఓడల పక్కన బొగ్గు ఓడలు కూడా చేరాయి.

ధర అనే అసలు మీట

ఇంధన విధానం గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా యంత్రాల గురించే మాట్లాడతారు. శ్రీలంకలో యంత్రాల కన్నా ముందు విరిగింది ధర. 2013 తర్వాత 2022 ఆగస్టు దాకా అక్కడ కరెంటు చార్జీలు పెంచలేదు. పైగా 2014 సెప్టెంబరులో 25 శాతం తగ్గించారు. మరో నాలుగు నెలల్లో అధ్యక్ష ఎన్నికలున్నాయి. ప్రపంచంలో చమురు ధర పెరిగినా, వానలు తగ్గి చమురు యంత్రాలు ఎక్కువ గంటలు తిరిగినా, బిల్లు మీద అంకె కదల్లేదు. ఆ తేడాను సిలోన్ విద్యుత్ బోర్డు మోసింది. బోర్డు తన చమురు సరఫరాదారు సిలోన్ పెట్రోలియం కార్పొరేషన్‌కు బాకీ పెట్టింది. కార్పొరేషన్ ఓడల సొమ్ము కోసం ప్రభుత్వ బ్యాంకుల దగ్గర డాలర్లలో అప్పు చేసింది. ఇంట్లో దీపానికి రూపాయల్లో ఇచ్చిన రాయితీ మూడు చేతులు మారి దేశం నెత్తిన డాలర్ల అప్పుగా కూర్చుంది. రూపాయి పడిపోయిన 2022లో ఆ అప్పు ఒక్క దెబ్బకు దాదాపు రెట్టింపు బరువైంది.

తర్వాత దిద్దుబాటు కూడా అంతే మొరటుగా జరిగింది. 2022 ఆగస్టులో సగటున 75 శాతం, 2023 ఫిబ్రవరిలో దాని మీద మరో 66 శాతం. ఆరు నెలల్లో బిల్లు దాదాపు మూడు రెట్లు. 2023 మార్చి 20న అంతర్జాతీయ ద్రవ్యనిధి 300 కోట్ల డాలర్ల సాయానికి ఆమోదం తెలిపింది. ఖర్చు మొత్తం బిల్లులోనే రాబట్టాలన్నది దాని షరతుల్లో ఒకటి. నెలకు 30 యూనిట్లలోపు వాడే ఇళ్లకు, అంటే రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ ఉండే ఇళ్లకు, శాతం లెక్కన అందరికన్నా ఎక్కువ పెరిగింది. అసలు ఖర్చు జనానికి కనబడాలన్న సూత్రంతో నాకు పేచీ లేదు. పదేళ్ల బకాయిని పేదింటి మీద ఆరు నెలల్లో దించడాన్ని మాత్రం సంస్కరణ అనలేను. ఏటా కొద్దికొద్దిగా సవరించి ఉంటే ఆ దెబ్బ తగిలేది కాదు. ట్రూ-అప్ చార్జీలంటూ ఎప్పుడో వాడిన కరెంటుకు ఇప్పుడు కట్టే తెలుగు పాఠకులకు ఈ బాధ ఎలాంటిదో విడమరిచి చెప్పక్కర్లేదు.

2024లో రెండుసార్లు, 2025 జనవరిలో ఒకసారి, ప్రతిసారీ ఇంచుమించు ఐదో వంతు చొప్పున చార్జీలు తగ్గాయి. 2025 జూన్‌లో మళ్లీ 15 శాతం పెరిగాయి. వానలు బాగా పడితే తగ్గడం, ఎండితే పెరగడం ఇప్పుడు అక్కడ రివాజుగా మారుతోంది. ఇది మంచి మార్పే.

పైకప్పుల మీద నిండిన ఎండ

బిల్లు మూడు రెట్లయినప్పుడు జనం పైకి చూశారు. పైకప్పు సౌరఫలకాల పథకం అక్కడ 2016 నుంచే ‘సూర్య బల సంగ్రామయ’ పేరుతో నడుస్తోంది. గ్రిడ్డుకు ఇచ్చే యూనిట్‌కు మొదటి ఏడేళ్లు 22 రూపాయలు, ఆ తర్వాత 15 రూపాయల 50 సెంట్లు కట్టేవారు. సంక్షోభంలో కొత్తగా చేరేవాళ్లకు ఆ ధరను 37 రూపాయల దాకా పెంచారు. స్థోమత ఉన్న ప్రతి ఇల్లూ, దుకాణమూ, హోటలూ ఫలకాలు బిగించుకుంది. పైకప్పుల సామర్థ్యం చూస్తుండగానే వెయ్యి మెగావాట్లు దాటింది. రాత్రి రద్దీ వేళ దేశమంతా కలిసి వాడేది 2,700 మెగావాట్ల దరిదాపు. అంత చిన్న గ్రిడ్డులో వెయ్యి మెగావాట్లంటే మామూలు సంఖ్య కాదు. 2030 నాటికి కరెంటులో 70 శాతం పునరుత్పాదక వనరుల నుంచి రావాలని, కొత్త బొగ్గు కేంద్రాలు కట్టకూడదని ప్రభుత్వ విధానం. పైకప్పుల వరకు చూస్తే జనం విధానం కన్నా ముందు పరిగెత్తారు.

2025 ఫిబ్రవరి 9, ఆదివారం. ఉదయం 11 దాటింది. ఆఫీసులు, ఫ్యాక్టరీలు మూసి ఉన్నాయి కాబట్టి వాడకం తక్కువ, ఆకాశం నిర్మలం. గ్రిడ్డులోని కరెంటులో సగం దాకా సౌరఫలకాల నుంచే వస్తోంది. కొలంబోకు దక్షిణాన పానదుర సబ్‌స్టేషన్‌లో ఒక కోతి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తీగలకు తగిలింది. కొన్ని క్షణాల్లో దేశమంతటా కరెంటు పోయింది. అది తిరిగి రావడానికి సాయంత్రం దాకా పట్టింది. నొరొచ్చోలై యూనిట్లు మూడూ ఆగిపోయాయి. బొగ్గు బాయిలరు ఒకసారి ఆగితే మళ్లీ పూర్తి స్థాయికి రావడానికి రోజులు పడుతుంది. సోమ, మంగళవారాల్లో గంటన్నర చొప్పున కోత పెట్టారు. పత్రికలన్నీ కోతి చుట్టూ తిరిగాయి. సబ్‌స్టేషన్‌లోకి కోతులు, పాములు, ఉడుతలు దూరడం ఏ దేశంలోనైనా జరిగేదే. ఒక మూల తగిలిన దెబ్బకు దేశం మొత్తం ఎందుకు చీకటైందన్నదే అడగాల్సిన ప్రశ్న.

జవాబు తిరిగే చక్రాల్లో ఉంది. మన ఇళ్లకొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. శ్రీలంకలోనూ అంతే. బొగ్గు కేంద్రంలో వందల టన్నుల టర్బైను, జనరేటరు ఇరుసు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటేనే ఆ 50 నిలుస్తుంది. గ్రిడ్డులోని ఇలాంటి చక్రాలన్నీ ఒకే లయలో తిరుగుతాయి. ఎక్కడో ఒక యూనిట్ హఠాత్తుగా ఆగిపోతే మిగతా చక్రాల మీద బరువు పెరిగి వేగం తగ్గడం మొదలవుతుంది. కుమ్మరి చెయ్యి తీసినా బరువైన సారె చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది కదా. అలాగే ఈ చక్రాలు కూడా తమలో నిలవున్న వేగాన్ని కొద్దికొద్దిగా ఖర్చు చేస్తూ కొన్ని సెకన్లు గడువు ఇస్తాయి. ఆ గడువులోనే జల విద్యుత్ కేంద్రాల గేట్లు తెరుచుకోవాలి, ఇతర యంత్రాలు అందుకోవాలి. ఇంజనీర్లు దీన్నే గ్రిడ్డు జడత్వం అంటారు.

సౌరఫలకంలో తిరిగేది ఏదీ లేదు. అది ఇచ్చే కరెంటును ఇన్వర్టరు గ్రిడ్డు లయకు సరిచేసి పంపుతుంది. మామూలు ఇన్వర్టరు గ్రిడ్డును అనుసరిస్తుందే గాని నడిపించదు. లయ ఒక హద్దు దాటి చెడితే తన రక్షణ కోసం తానే తప్పుకుంటుంది. సరిగ్గా చేయి పట్టుకోవాల్సిన సమయంలో వేలాది ఇన్వర్టర్లు ఒకేసారి తప్పుకుంటే లోటు మరింత పెద్దదవుతుంది. ఇంకో చిక్కుంది. లయ పడిపోతున్నప్పుడు కొన్ని ఫీడర్లను వాటంతటవే తెంచి బరువు తగ్గించే రిలేలు ప్రతి గ్రిడ్డులోనూ ఉంటాయి. మిట్టమధ్యాహ్నం ఆ ఫీడరు కింద పైకప్పులన్నీ కరెంటు పుట్టిస్తుంటే, దాన్ని తెంచినప్పుడు బరువుతో పాటు ఉత్పత్తి కూడా పోతుంది. మందు వేసినా పనిచేయని స్థితి అది.

పరిమాణం కూడా చూడాలి. ఆ ఆదివారం లాంటి రోజున గ్రిడ్డు మొత్తం 2,000 మెగావాట్ల చుట్టుపక్కల ఉంటే, నొరొచ్చోలైలో ఒక్క యూనిట్ పోవడమంటే ఏడింట ఒక వంతు పోవడం. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర 800 మెగావాట్ల యూనిట్ ఒకటి హఠాత్తుగా ఆగిపోయినా భారత గ్రిడ్డుకు అది అర శాతం కూడా కాదు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ మధ్య 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో ఒకే లయలోకి వచ్చింది. అప్పటి నుంచి మన యూనిట్ తడబడితే గుజరాత్ నుంచి అస్సాం దాకా చక్రాలన్నీ ఆ బరువు పంచుకుంటాయి. శ్రీలంకకు అలా పంచుకునే పొరుగు లేదు. 2016 మార్చిలో, 2020 ఆగస్టులో, 2021 డిసెంబరులో, 2023 డిసెంబరులో కూడా దేశమంతా చీకటైంది. అప్పుడు కోతి లేదు. ఒంటరితనం మాత్రం అన్నిసార్లూ ఉంది.

ఫిబ్రవరి దెబ్బతో బోర్డు జాగ్రత్తపడింది. ఏప్రిల్‌లో సింహళ, తమిళ సంవత్సరాది సెలవులకు ముందు, 13 నుంచి 21 దాకా పగలు మూడు గంటల వరకు ఫలకాలు ఆపుకోవాలని పైకప్పు సౌర వినియోగదారులను కోరింది. మూడేళ్ల కిందట 13 గంటలు చీకట్లో కూర్చున్న దేశం, ఉచితంగా పడుతున్న ఎండను వద్దనే పరిస్థితికి వచ్చింది. అదే రోజు సాయంత్రం ఏడింటికి దీపాలు వెలిగేసరికి బొగ్గు, చమురు యంత్రాలు పూర్తి జోరు మీద తిరగాలి. ఇంత పరిహారం లేని నష్టం ఇంకోటి ఉండదు. ఇందుకు సౌర వినియోగదారులను తప్పుపట్టే గొంతులు కూడా అక్కడ లేచాయి. ఫలకాలు బిగించినవాళ్ల తప్పేమీ లేదు. వాటితో పాటు రావలసిన సరంజామా రాలేదు.

దాచే దారులు

మొదటి సరంజామా బ్యాటరీ. గ్రిడ్డు స్థాయి బ్యాటరీ మధ్యాహ్నపు మిగులును నాలుగు గంటల పాటు సాయంత్రానికి మోయగలదు. అంతకన్నా విలువైన పని ఇంకోటి చేస్తుంది: సెకనులో చిన్న వంతులోనే పూర్తి శక్తితో అందుకుని పడిపోతున్న లయను నిలబెడుతుంది. తానే లయ పుట్టించే కొత్తరకం ఇన్వర్టర్లు పెడితే, తిరిగే చక్రాలు ఇచ్చే గడువులో చాలాభాగం ఇవే ఇవ్వగలవు. ఇది కాగితం మీది ఊహ కాదు. హవాయిలోని ఒవాహు ద్వీపం కూడా చమురు, బొగ్గు దిగుమతి చేసుకునే ఒంటరి గ్రిడ్డే. 2022 సెప్టెంబరులో అక్కడి చివరి బొగ్గు కేంద్రం, 180 మెగావాట్లది, మూతపడింది. దాని లోటు పూడ్చడానికి కపోలెయ్‌లో 185 మెగావాట్ల బ్యాటరీ కేంద్రం 2023 డిసెంబరులో పని మొదలుపెట్టింది. శ్రీలంక 160 మెగావాట్ల బ్యాటరీలను సబ్‌స్టేషన్లలో పెట్టడానికి 2025లో టెండర్లు పిలిచింది. వెయ్యి మెగావాట్ల పైకప్పుల తర్వాత వచ్చిన టెండర్లవి. ముందే రావలసింది.

రెండోది నీరు. శ్రీలంకకు కొండలున్నాయి, రిజర్వాయర్లున్నాయి. మధ్యాహ్నం గేట్లు మూసి సాయంత్రం తెరిస్తే నీరే నిల్వ శక్తి అవుతుంది. అయితే ఆ నీటి మీద హక్కు కరెంటుది మాత్రమే కాదు. మహావేలి నీటిలో తాగునీరు, వరి తర్వాతే టర్బైను వాటా. 2023 ఆగస్టులో ఉడవలవె ఆయకట్టు కింద వరి ఎండుతుంటే రైతులు సమనలవెవ నీళ్లు వదలమని రోడ్డెక్కారు. వదిలితే దక్షిణ రాష్ట్రంలో కోతలు తప్పవని బోర్డు మొరాయించింది. చివరికి మంత్రివర్గం వదలాలనే నిర్ణయించింది. శ్రీశైలంలో కరెంటు కోసం నీళ్లు వాడేస్తున్నారని రెండు తెలుగు రాష్ట్రాలు ఏటా కీచులాడుకోవడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

ఈ పేచీ లేని మార్గం పంప్డ్ స్టోరేజీ. పైన ఒక చెరువు, కింద ఒక చెరువు. మధ్యాహ్నం మిగులు కరెంటుతో నీటిని పైకి ఎక్కించి, సాయంత్రం దించుతారు. అదే నీరు మళ్లీ మళ్లీ. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టున రెండు వైపులా తిరిగే టర్బైన్లు ఏనాటి నుంచో ఉన్నాయి. రాయలసీమలోని పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పథకం ఇదే సూత్రం మీద వచ్చింది. శ్రీలంక మహా ఓయ దగ్గర 600 మెగావాట్ల కేంద్రం కట్టాలనుకుంటోంది. ఎన్నో ఏళ్లుగా అది ప్రణాళికల్లోనే ఉంది. ఇప్పుడు తవ్వకం మొదలుపెట్టినా నీళ్లు ఎక్కేసరికి వచ్చే దశాబ్దమే. విమలసురేంద్ర పత్రానికి పట్టినంత కాలం దీనికీ పడితే మాత్రం ఆ దేశం తట్టుకోలేదు.

గాలి విషయంలో ఒక చక్కని పొంతన ఉంది. నైరుతి గాలి బొగ్గు బార్జిలను ఆపేసే నెలల్లోనే ఉత్తరాన మన్నార్ దీవిలో గాలిమర జోరుగా తిరుగుతుంది. అక్కడ 2020 డిసెంబరులో మొదలైన తంబపవని కేంద్రంలో 30 గాలిమరలు, 103.5 మెగావాట్లు ఉన్నాయి. ఆపైన అదానీ సంస్థ మన్నార్, పూనకరిలో 484 మెగావాట్లు పెట్టి యూనిట్‌కు 8.26 అమెరికన్ సెంట్లకు అమ్మేందుకు ఒప్పందం దాకా వచ్చింది. టెండరు లేకుండా ఇచ్చారని, ధర ఎక్కువని విమర్శలు చెలరేగాయి. కొత్త ప్రభుత్వం ధరను మళ్లీ చర్చిస్తామంది. 2025 ఫిబ్రవరిలో సంస్థ తప్పుకుంది. అదే మన్నార్‌లో 50 మెగావాట్లకు పోటీ టెండరు పిలిస్తే ఒక స్థానిక కంపెనీ 5 సెంట్లలోపే ఇస్తానంది. దిగుమతి మీద బతికే దేశానికి ప్రతి సెంటూ లెక్కే. తలుపు వెనక మాట్లాడుకున్న ధరకూ, బహిరంగంగా పోటీలో తేలిన ధరకూ ఉన్న తేడా ఈ ఒక్క దీవిలోనే కళ్లకు కట్టినట్టు కనిపించింది. మన్నార్ వలస పక్షుల దారిలో ఉంది, జాలర్ల ఊళ్లున్నాయి. మర ఎక్కడ నిలబెట్టాలన్నది వాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి. చవకగా దొరికినా ఆ పని తప్పదు.

పాక్ జలసంధి మీదుగా భారతదేశానికి తీగ వేయాలన్న ఆలోచన దశాబ్దాల నాటిది. 2025 ఏప్రిల్‌లో ప్రధాని మోదీ కొలంబో వెళ్లినప్పుడు దీని మీద అవగాహన ఒప్పందం కుదిరింది. అదే పర్యటనలో సంపూర్‌లో 120 మెగావాట్ల సౌర కేంద్రానికి పనులు మొదలయ్యాయి. ఒకప్పుడు భారత ఎన్‌టీపీసీ భాగస్వామ్యంతో బొగ్గు కేంద్రం కట్టాలనుకున్న చోటది. తీగ వస్తే ఒంటరితనం తీరుతుందని చాలామంది అంటున్నారు. కొంతవరకే నిజం. కొలంబో, చెన్నై, హైదరాబాద్ ఇంచుమించు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. అక్కడ మధ్యాహ్నం సౌర కరెంటు పొంగినప్పుడే అనంతపురంలో, రామనాథపురంలో కూడా పొంగుతుంది. అక్కడ దీపాలు పెట్టే వేళకే ఇక్కడా పెడతారు. నైరుతి గాలి మన్నార్‌లో వీచినప్పుడు తమిళనాడులోనూ వీస్తుంది. పైగా అనుకుంటున్న తీగ డైరెక్ట్ కరెంటుది. దాని ద్వారా భారత గ్రిడ్డు చక్రాల లయ అటు పాకదు. కంట్రోల్ పరికరాలతో వేగంగా కరెంటు పంపి ఆదుకోగలదు, అంతే. 250 గిగావాట్ల రద్దీని చూసిన గ్రిడ్డుతో తాడు కట్టుకోవడం మేలే. కరువు ఏడాదిలో అది ప్రాణం పోస్తుంది. మధ్యాహ్నాన్ని సాయంత్రానికి మోసే పని మాత్రం ద్వీపం తనంతట తాను చేసుకోవలసిందే.

ఆ పనికి డబ్బు కన్నా ముందు కావలసింది గంటను బట్టి మారే ధర. 2025లో కార్ల దిగుమతి మళ్లీ అనుమతించాక విద్యుత్ కార్లు చాలా వచ్చాయి. రాత్రి ఇంటికొచ్చి చార్జి పెడితే రద్దీ పెరుగుతుంది. మధ్యాహ్నం ఆఫీసు దగ్గర పెడితే మిగులు అందులో ఇంకుతుంది. మధ్యాహ్నం యూనిట్ చవకగా, సాయంత్రం ప్రియంగా ఉంటే జనం వేళ మార్చుకుంటారు. సొంత బ్యాటరీ పెట్టుకుని సాయంత్రం గ్రిడ్డుకు ఇచ్చే ఇంటికి మంచి ధర కట్టాలి. ఆ ధర ఎన్నేళ్లు నిలుస్తుందో ఒప్పందంలో రాసివ్వాలి. పైకప్పు సౌరానికి 22, 37, తర్వాత తగ్గింపులు అంటూ రేట్లు మారుతూ వచ్చిన అనుభవం అక్కడి జనానికి గుర్తుంది. బ్యాటరీ ధర తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. ఏటేటా మారే రేటును నమ్మి అప్పు చేసి కొనమంటే మధ్యతరగతి ఇల్లు ఎందుకు కొంటుంది? విద్యుత్ బోర్డును ముక్కలు చేసి వేర్వేరు సంస్థలుగా పెట్టే చట్టం 2024లో వచ్చింది, 2025లో దానికి సవరణలూ వచ్చాయి. ఆ కొత్త సంస్థలు తమ తొలి ఉత్తర్వుల్లోనే సాయంత్రపు యూనిట్ ధరను, అది అమల్లో ఉండే కాలాన్ని ప్రకటించాలి. టెండర్ల బ్యాటరీలు దిగే లోపు ఇళ్ల బ్యాటరీలు పని మొదలుపెట్టగలవు.